గిన్నె లోపలి తెలుపు

లండన్ వెళ్తున్నామని తెలిసిన సాయంత్రమే మాస్టారు మా ఇంటికొచ్చారు. పక్క వీధే ఆయనది. మాకు ఏడో తరగతిలో సోషల్ చెప్పినాయన. అరుగు మీద కూచుని, టీ తాగి, "నాకు చాక్లెట్లూ సెంటు సీసాలూ వద్దు. లండన్ వాళ్లు వాళ్ల చేత్తో చేసుకున్న వస్తువు ఒక్కటి తెండి. చిన్నదైనా పర్లేదు, బల్ల మీద పెట్టుకుని చూసుకుంటాను" అన్నారు. సరేనన్నాం. లేచి చెప్పులేసుకుంటూ ఇంకో మాట కూడా అన్నారు. "మీకేం భయం లేదులే. అక్కడ మీవాళ్లు బోలెడుమంది ఉంటారు."

మీవాళ్లు!

ఇచ్ఛాపురంలో పుట్టి, ఇచ్ఛాపురం బడిలో చదివి, బాహుదా నదిలో ఈత నేర్చుకున్న మాకు లండన్‌లో 'మావాళ్లు' ఎవరు? ఆయన ఉద్దేశం మాకు తెలుసు. పాకిస్తాన్ వాళ్లు, బంగ్లాదేశ్ వాళ్లు. మాస్టారు చెడ్డమనిషి కాదు. మా అమ్మ పోయినప్పుడు ఖబరస్తాన్ దాకా నడిచొచ్చి, చివరి పిడికెడు మట్టి పడేదాకా ఎండలో నిలబడ్డ మనిషి. చెడ్డవాడంటే తిట్టుకుని ఊరుకుందుం. మంచివాడి నోట్లోంచి, మంచి మాటలాగా వచ్చింది కాబట్టే అది రాత్రంతా మా మధ్య తిరిగింది.

ఈ మాటకి వయసుంది. మా చిన్నప్పుడు 'మీవాళ్లు' అంటే మా ఇంటివాళ్లు, మా పేటవాళ్లు. పెళ్లికి మీవాళ్లెంతమంది వస్తారు, పండక్కి మీవాళ్లు ఏం వండుతారు, అంతే. 1992 డిసెంబరు తర్వాత ఆ మాట సాగడం మొదలుపెట్టింది. పేట దాటింది, జిల్లా దాటింది, దేశం దాటింది. ఎక్కడో ఎవడో బాంబు పెడితే మీవాళ్లు. ఎవడో అవతలి జట్టులో సెంచరీ కొడితే మీవాళ్లు. ఇప్పుడు లండన్‌లో దుకాణాలు పెట్టుకున్నవాళ్లు కూడా మీవాళ్లే. మమ్మల్నెవరూ అడక్కుండానే మా బంధువర్గం ఇంత పెరిగింది.

అసలు మా బంధువర్గం ఏమిటో చెప్పాలంటే, 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు గంజాం జిల్లాని కోసి పంచారు కదా, ఆ కోతలో మా వాళ్లు కొందరు బరంపురం వైపు ఉండిపోయారు, మేం ఇటు మిగిలాం. మా ఇంట్లో మాట్లాడేది తెలుగు. అందులో ఉర్దూ ముక్కలు. బేరాలాడేటప్పుడు ఒరియా. శ్రీకాకుళం జామియా మసీదు 1641లో కట్టింది. చికాకోల్ సర్కారు రోజుల్లో ఇచ్ఛాపురం పేరు ఢిల్లీకీ గోల్కొండకీ తెలిసిన పేరు. ఊళ్లో పీర్లకొండ ఎక్కి మొక్కు తీర్చుకునేవాళ్లు ఏ మతంవాళ్లో ఎవర్నడిగినా చెప్తారు. ఇవన్నీ మేం ఎవరికీ చెప్పం. చెప్పాల్సొచ్చిన చోటే మాకు చిన్నతనంగా ఉంటుంది. పక్కింటాయన ఎప్పుడైనా తను ఈ ఊరివాడేనని రుజువు చూపించాడా?

వెళ్లేది మా అమ్మాయి పురిటికి. అల్లుడికి అక్కడ కంప్యూటర్ ఉద్యోగం, ఈస్ట్ హామ్‌లో అద్దె ఇల్లు. 2023 అక్టోబరులో, మా కరెంటు సామాన్ల దుకాణం తమ్ముడికి అప్పజెప్పి బయల్దేరాం. మాస్టారడిగిన వస్తువు సంగతి తర్వాత. ముందు మేం ఏం పట్టుకెళ్లాలి? పిల్లలున్న ఇంటికి, వాళ్ల ఇరుగుపొరుగుకి, 'ఇది మా ఊరిది' అని చేతిలో పెట్టే వస్తువేది?

జీడిపప్పు, ఇంకేం ఉంది. ఉద్దానంలో పుట్టినవాడు ఎక్కడికెళ్లినా సంచీలో పలాస జీడిపప్పు ఉండాల్సిందే. కాశీబుగ్గలో తెలిసిన చోట టూ ఫార్టీ రకం నాలుగు కిలోలు తీసుకున్నాం. ఈ నంబర్ల సంగతి తెలియనివాళ్లకి చెప్తున్నాం: పౌను తూకానికి ఎన్ని పప్పులు తూగితే అది దాని నంబరు. వన్ ఎయిటీ అంటే పెద్ద పప్పు, త్రీ ట్వంటీ అంటే చిన్నది. కిలోలొచ్చి అన్నేళ్లయినా జీడిపప్పు ఇంకా ఇంగ్లీషువాడి పౌనులోనే ఉంది. గింజ పగలగొట్టే ఆడవాళ్ల వేళ్లు చూస్తే ఆ పప్పు తినబుద్ధి కాదు. పెంకులోని జీడి చర్మాన్ని కాలుస్తుంది. బూడిదో నూనెో పూసుకుని పని చేస్తారు, అయినా చేతులు నల్లబడి పొలుసులు లేస్తాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం తోటల్ని పడుకోబెట్టేసింది. కొబ్బరీ జీడీ ఒక్క రాత్రిలో పోయాయి. ఇప్పుడు పలాస మిల్లుల్లో ఆడే గింజలో చాలా భాగం ఆఫ్రికా దేశాల నించి దిగుతుంది. అయినా అది పలాస జీడిపప్పే. ఆ మాటకొస్తే జీడిమామిడి మొక్కే ఈ నేలది కాదు. బ్రెజిల్ నించి పోర్చుగీసు ఓడల్లో వచ్చింది, అదీ పదహారో శతాబ్దంలో. దాన్నెవరూ 'నీ వాళ్లెక్కడ' అని అడగరు. దాని పేరు మీద ఊరు వెలుగుతోంది. వేర్లు దిగితే చెట్టుకి సరిపోయింది. మనిషికే ఎందుకో చాలడం లేదు.

పుట్టబోయే బిడ్డకి పొత్తిళ్ల కోసం పొందూరు ఖద్దరు తీసుకున్నాం. మెత్తగా ఉంటుందని. పొందూరులో పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ సన్నటి పళ్ల వరస దువ్వెనలా పనిచేస్తుంది. ఇది చెప్తే లండన్‌లో నర్సమ్మ నమ్మలేదు. నెయ్యి, పాలకోవా దించనివ్వరని అమ్మాయి ముందే చెప్పింది కాబట్టి అవి మానేశాం. మిగిలింది ఇత్తడి చెంబు.

బుడితి ఇత్తడి మా జిల్లా సొమ్ము. సారవకోట మండలంలో ఊరు. ఇత్తడీ కంచూ రెండూ చేస్తారు. ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఊరికే వెళ్లి కొందామనుకున్నాం గాని కుదర్లేదు. విశాఖపట్నంలో విమానం ఎక్కే ముందు రోజు ఒక హస్తకళల ప్రదర్శన కనబడితే లోపలికెళ్లాం. బుడితి చెంబు ఒకటి ముచ్చటగా ఉంది. నడుము సన్నగా, అంచు చుట్టూ గీతలు. తీసి బల్ల మీద పెట్టాం. బిల్లు రాసే అబ్బాయి పేరడిగాడు. చెప్పాం. పెన్ను ఆపాడు. చాలా మర్యాదగా, "సార్, ఇది దేవుడి గదిలోకి వాడేదండి. మీకైతే అటు పక్కన బిద్రీ ఉంది, హైదరాబాద్ సరుకు. అది బాగుంటుంది" అన్నాడు.

ఆ అబ్బాయి మాకు సాయం చేస్తున్నాననే అనుకున్నాడు. హైదరాబాద్ మా ఊరికి ఎంత దూరమో అతనికి తెలుసు. అయినా మా పేరు వినగానే మమ్మల్ని తీసుకెళ్లి అక్కడ దించేశాడు. బిద్రీ గొప్ప పనే, కాదనం. కాని మేం చిన్నప్పుడు ఏనాడూ బిద్రీ చూడలేదు. చూసిందంతా ఇత్తడి. ఇత్తడి గురించి మాకు చెప్పేవాడు ఈ భూమ్మీద పుట్టలేదు, ఎందుకంటే మా దాదా కళాయి సాయిబు.

కళాయి అంటే ఇప్పటి పిల్లలకి తెలీదు. ఇత్తడి అంటే రాగి, జింకు కలిసింది. పులుపు తగిలితే రాగి ఊరుతుంది, చిలుము పడుతుంది. మన వంటంతా చింతపండు మీదే కదా. ఇత్తడి తపేలాలో చారు కాస్తే కడుపులో తిప్పుతుంది, వాంతులవుతాయి. అందుకని వండే గిన్నెలకి లోపల తగరం పూత పూస్తారు. బిందెలకి అక్కర్లేదు, నీళ్లే కాబట్టి. తపేలాలకీ గుండిగలకీ తప్పదు. ఆరు నెలలకో ఏడాదికో ఆ పూత అరిగిపోతుంది. అప్పుడు కళాయి సాయిబు రావాలి.

మా దాదా తిత్తీ, బొగ్గుల సంచీ, తగరం కడ్డీ, నవసాగరం పొట్లం కావిడికి కట్టుకుని ఇచ్ఛాపురం నించి కవిటి, సోంపేట, కంచిలి దాకా ఊళ్లన్నీ తిరిగేవాడు. వీధి మొదట్లో నేలలో చిన్న గుంట తవ్వి, తిత్తి మూతి అందులో పెట్టి, బొగ్గులు రాజేసేవాడు. సెలవుల్లో మేమూ వెనకాల వెళ్లేవాళ్లం. గిన్నెలో ఇసక పోసి, అందులో కాళ్లు పెట్టి నిలబడి, గోడ పట్టుకుని నడుము అటూ ఇటూ తిప్పుతూ రుద్దడం మా పని. అరికాళ్లు మండేవి. తర్వాత గిన్నె నిప్పుల మీద ఎర్రబడేదాకా కాదు, సరిగ్గా తగరం కరిగేదాకా కాగాలి. ఆ వేడి దాదాకి గిన్నె రంగు చూస్తే తెలిసేది. నవసాగరం చల్లితే గుప్పున తెల్లటి పొగ. కళ్లు మండిపోయేవి. తగరం కడ్డీ ఒక్కసారి అంటించి దూదితో సర్రున తిప్పేవాడు. పసుపు గిన్నె లోపల వెన్నెల కాసినట్టయిపోయేది. వెంటనే నీళ్లలో ముంచేవాడు. చుట్టూ చేరిన పిల్లలందరూ అరిచేవాళ్లు.

పెద్దిళ్లకి వెళ్తే వాకిట్లోనే కూచునేవాడు. గిన్నెలు బయటికొచ్చేవి. పనయ్యాక వాటి మీద పసుపు నీళ్లు చల్లి లోపలికి తీసుకెళ్లేవాళ్లు. దాహమేస్తే దోసిట్లో పోసేవాళ్లు. అది బాగోక దాదా తన గ్లాసు తనే తెచ్చుకునేవాడు, కావిడికి వేలాడుతుండేది. గ్లాసు వేరు. కాని ఆయన వేలితో పూసిన తెలుపు మీదే వాళ్ల చారు మరిగేది, వాళ్ల పెళ్లిళ్ల పులుసులు కాగేవి, గుడి సంతర్పణకి గుండిగలు దిగేవి. ఉద్దానం నోట్లోకి పోయిన ప్రతి ముద్దకీ అడుగున మా దాదా చెయ్యుంది. ఆయనకి కూడా ఇది తట్టలేదనుకుంటాం. తట్టినా పైకనలేదు. కూలి డబ్బులు, నాలుగు గిద్దెల బియ్యం తీసుకుని కావిడెత్తేవాడు.

స్టీలు వచ్చింది, అల్యూమినియం వచ్చింది. ఇత్తడి అటకెక్కింది. అబ్బా ఆ పని నేర్చుకోలేదు, బరంపురం వెళ్లి మోటారు మెకానిక్ అయ్యాడు. దాదా 1989లో పోయాడు. తిత్తి తోలు ఎలకలు కొట్టేశాయి.

ఇప్పుడు ప్రదర్శనలో బల్ల మీద కూచున్న బుడితి చెంబు లోపల కళాయి లేదు. అందులో ఎవరూ వండరు. అలమారలో పెట్టుకుంటారు. జ్ఞాపకానికి కొనుక్కునే వస్తువుకి పైభాగం ఉంటే చాలు. అలా మా వంతు ఊడిపోయింది. ఆ అబ్బాయికి ఇదంతా చెప్పలేదు. "ఇదే ఇవ్వు బాబూ" అన్నాం. ఇచ్చాడు.

లండన్ వెళ్లిన నాలుగో వారం మా మనవరాలు పుట్టింది. పదిహేను రోజులు బయటి సంగతే తెలీదు. ఆ తర్వాత ఒక శనివారం అల్లుడు మమ్మల్ని ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ తీసుకెళ్లాడు. మాస్టారి వస్తువు వెతుకులాట అక్కడ మొదలైంది. ఎర్ర బస్సులు, ఎర్ర టెలిఫోన్ డబ్బాలు, బిగ్ బెన్ తాళం చెవుల గొలుసులు, జెండా ముద్రేసిన కప్పులు. దుకాణం తర్వాత దుకాణం, అన్నిట్లో అవే. తిరగేసి చూస్తే ప్రతి దాని అడుగునా చైనా. నవ్వొచ్చింది. మా పేటలో హజ్‌కెళ్లొచ్చినవాళ్లు పంచిన తస్బీల్లోనూ చైనావి దొరికాయి. ఆ విషయంలో మక్కాకీ లండన్‌కీ తేడా లేదు.

ఒక దుకాణంలో గల్లా మీద గడ్డం పెద్దాయన. మమ్మల్ని చూసి సలాం చెప్పాడు. ఉర్దూలో ఎక్కడివాళ్లని అడిగాడు. మా ఉర్దూ సంగతి ముందే చెప్పాం కదా. తడబడుతూ ఇండియా అన్నాం.

"హైదరాబాదా?"

"కాదు. ఇచ్ఛాపురం. ఆంధ్రా. సముద్రం పక్కన."

"ఇంట్లో ఏం మాట్లాడతారు?"

"తెలుగు."

ఆయన మొహంలో సలాం చెప్పినప్పటి వెలుగు కొంచెం తగ్గింది. ముసల్మానులు తెలుగు మాట్లాడతారా అని పక్కనున్న కుర్రాడితో అన్నాడు, మాకు అర్థం కాదనుకుని. ఆ కుర్రాడు భుజాలెగరేశాడు. రెండు తాళం గొలుసులు కొన్నాం. తగ్గించలేదు. మాస్టారూ, మీరు చెప్పిన మావాళ్లు వీళ్లే!

ఇంకో వారం ఈస్ట్ హామ్‌లో ఒక ఇడ్లీ హోటల్ దగ్గర ఇద్దరు తెలుగు అమ్మాయిలు మా మాటలు విని ఆగారు. శ్రీకాకుళమా అండీ అని ఎంతో ప్రేమగా పలకరించారు. ఒకమ్మాయిది టెక్కలి. మనవరాలి పేరడిగారు. చెప్పాం. "అయ్యో, మీరు ముస్లిమ్సా? అచ్చం మనలాగే మాట్లాడుతున్నారే!" అంది టెక్కలి అమ్మాయి. మెచ్చుకోలుగానే. ఒకరికి మా తెలుగు ఎక్కువైంది, ఇంకొకరికి మా పేరు ఎక్కువైంది. ఆ పిల్లకి మాత్రం జీడిపప్పు పొట్లం ఇచ్చాం. కళ్లనీళ్లు పెట్టుకుంది.

జుమ్మాకి అల్లుడితో వైట్‌చాపెల్ వెళ్లాం. ఈస్ట్ లండన్ మసీదు అక్కడే. నమాజు అయ్యాక రోడ్డు మీద నాలుగడుగులు వేస్తే ఒక పాత ఇటుక భవనం, మూసిన తలుపులు. వైట్‌చాపెల్ గంటల పోతశాల అది. 1570 నించి లెక్క ఉన్న సంస్థ. బిగ్ బెన్ గంట ఇక్కడే పోశారు, 1858లో, పదమూడున్నర టన్నుల పైన. అమెరికా వాళ్ల లిబర్టీ గంట కూడా ఇక్కడి నించే వెళ్లింది. 2017లో మూసేశారు. హోటల్ చేస్తామని కొన్నవాళ్లు, కాదు మళ్లీ గంటలు పోయాలని ఇంకొందరు. 2021లో ప్రభుత్వం హోటల్‌కి సరే అంది. కంచు అంటే రాగిలో తగరం కలపడమే. బుడితిలోనూ అంతే, వైట్‌చాపెల్‌లోనూ అంతే. చేతి గంటలు కూడా చేసేవాళ్లట. తెరిచి ఉంటే మాస్టారి వస్తువు అక్కడే దొరికేది. లండన్ వాళ్లు తమ చేత్తో చేసుకున్నది! ఆ తలుపు ముందు కాసేపు నిలబడ్డాం. ఎలకలు కొట్టిన తిత్తి గుర్తొచ్చింది. ఎవరి పని పోయినా పోవడం ఒకలాగే ఉంటుంది.

అక్కణ్ణించి బ్రిక్ లేన్ నడిచాం. అక్కడ మసీదొకటుంది, చూడాల్సింది. 1743లో ఫ్రాన్సు నించి పారిపోయొచ్చిన ప్రొటెస్టంట్లు ప్రార్థనాలయంగా కట్టుకున్నారు. తర్వాత మెథడిస్టులది. 1898లో యూదుల సినగాగ్. 1976 నించి మసీదు. గోడలు అవే. ఎవరు ఎవర్ని కూలగొట్టి కట్టలేదు, ఒకళ్లు పోతే ఒకళ్లు చేరారు. 1992 చూసిన మాలాంటివాళ్లకి ఆ గోడని ముట్టుకోకుండా రావడం కష్టం. ముట్టుకున్నాం.

ఆ ఫ్రెంచివాళ్లలో చాలామంది పట్టు నేసేవాళ్లు. పక్కనున్న స్పిటల్‌ఫీల్డ్స్ నేతగాళ్ల పేట. దానికి మన తీరంతో ఒక గొడవుంది. మచిలీపట్నంలో ఇంగ్లీషు కంపెనీ గిడ్డంగి పెట్టింది 1611లో, కుతుబ్ షాహీల హయాంలో. అక్కణ్ణించీ మన తీరమంతటి నించీ కలంతో రంగులద్దిన నూలు బట్ట ఓడలకెక్కింది. కలంకారీ అన్న పేరే పారశీకం. లండన్ ఆడవాళ్లు అద్దకం బట్టకి ఎగబడ్డారు, పట్టు పడిపోయింది. 1719లో స్పిటల్‌ఫీల్డ్స్ నేతగాళ్లు వీధుల్లో పడి అద్దకం నూలు కట్టుకున్న ఆడవాళ్ల గౌన్లు చించారు, సిరా చల్లారు. 1721లో పార్లమెంటు ఆ బట్ట కట్టడాన్నే నిషేధిస్తూ చట్టం చేసింది. ఏం బట్ట కట్టుకున్నావని ఆడదాన్ని రోడ్డు మీద ఆపడం మాకు కొత్త కాదు. బురఖాని ఆపినా, గౌనుని ఆపినా చెయ్యి పడేది ఒంటి మీదే. కాని ఆ నేతగాళ్ల ఆకలి కూడా మాకు తెలుసు. కళాయి ఇల్లు మాది.

వెళ్లిపోయే ముందు వారం, ఆఖరి ప్రయత్నంగా నాటింగ్ హిల్ గేట్‌లో రైలు దిగి పోర్టొబెల్లో రోడ్డు వెళ్లాం. శనివారం పాత సామాన్ల సంత. మా ఊరి సంతలాగే అరుపులు, తొక్కిసలాట. వెండి చెంచాలు, పింగాణీ, పాత మ్యాపులు, చచ్చినవాళ్ల గడియారాలు. మాస్టారి కోసం ఒక చేతి గంట బేరం చేశాం గాని ధర విని పెట్టేశాం. పక్క బండి మీద వరసగా ఇత్తడి. చెంబులు, ఉరుళ్లు, దీపపు కుందులు. అన్నీ మనవైపువే. మధ్యలో ఒక చిన్న తపేలా. రెండు లీటర్లు పట్టేది. అంచు ఒకచోట నొక్కుకుపోయింది.

చెయ్యి దానంతటదే గిన్నె లోపలికి పోయింది. అడుగున, అంచు మలుపులో, గోరు వెడల్పున తెలుపు. మిగతా చోట్ల అరిగి పసుపు తేలింది. వేలితో రాసి చూశాం. తగరమే. ఇది అలమారలో కూచున్న గిన్నె కాదు. ఎవరింట్లోనో చారు కాసిన గిన్నె. ఎవరో ఒక సాయిబు ఏదో ఊరి వీధిలో గుంట తవ్వి, దూదితో సర్రున తిప్పిన గిన్నె. మా దాదాది అంటే అబద్ధం. బుడితిదన్నా అబద్ధమే కావచ్చు, ఇత్తడి ఇండియా అంతా ఉంది. కాని ఆ పని మాకు తెలుసు.

బండి దగ్గరున్న తెల్లావిడ, "చేత్తో చేసింది, ఇండియాది. పూలకుండీకి బాగుంటుంది" అంది. మేం లోపల చూడటం చూసి, మరకేనమ్మా, పాలిష్ పెడితే పోతుంది అని అమ్మాయికి ధైర్యం చెప్పింది. నలభై పౌన్లంది. బేరం మాకు నేర్పాలా. ముప్పై రెండుకి తెచ్చాం. పాత కాగితంలో చుట్టిచ్చింది.

అల్లుడు దారంతా నవ్వుతూనే ఉన్నాడు. ఇండియా నించి ఇత్తడి చెంబు తెచ్చి, లండన్ నించి ఇత్తడి తపేలా తీసుకెళ్తారా అని. విమానాశ్రయంలో సంచీ విప్పిన కుర్రాడూ అదే నవ్వు నవ్వాడు. మా అమ్మాయి మాత్రం నవ్వలేదు. గిన్నె తీసి కిటికీ దగ్గర వెలుతురులో తిప్పి, "ఇదేనా దాదా పని?" అంది. అది దాదాని చూడలేదు. మేమూ ఇంతవరకూ దానికి సరిగ్గా చెప్పలేదు. కళాయి అన్న మాట పెళ్లి సంబంధాలప్పుడు మేమే మింగేశాం, మెకానిక్ షెడ్డు దగ్గరే కథ మొదలుపెట్టాం. మా వంతుని ఊడబెరికింది ఆ బిల్లు కుర్రాడొక్కడే కాదు. ఆ రాత్రి పిల్లని ఒళ్లో వేసుకుని, ఇసకలో కాళ్లు తిప్పడం దగ్గర్నించీ అంతా చెప్పాం.

ఇచ్ఛాపురంలో దిగిన మర్నాడు తపేలా పట్టుకుని మాస్టారింటికెళ్లాం. ఆయన కాగితం విప్పి, అటూ ఇటూ తిప్పి, "ఇదేంటి, లండన్‌ది తెమ్మంటే మనదే తెచ్చారు!" అన్నారు. మనది అన్నారు. మేం విన్నాం. ఆయనకి తెలీకుండానే అన్నారు, మొన్న మీవాళ్లు అన్నట్టే. పోతశాల మూసిన సంగతి చెప్పాం. చాలాసేపు విని, "అయితే అక్కడా అంతేనన్నమాట" అన్నారు.

కోడలు గిన్నె అందుకుని, లోపలేదో మరకలున్నాయి, చింతపండేసి తోమిస్తే పోతాయి అంది. వద్దమ్మా అని మేం అనేలోపు లోపలి గదిలోంచి మాస్టారి తల్లి, ఎనభై ఏడేళ్ల మనిషి, కర్ర పొడుచుకుంటూ వచ్చింది. చూపు సరిగా ఆనదు. గిన్నె తన చేతికిమ్మంది. ఒళ్లో పెట్టుకుని లోపల అంచు వెంబడి వేలు నడిపించింది.

"ఏటిది, సాయిబు కళాయి కదేటి?"

అవునన్నాం.

"అరిగిపోనాది. మీ తాత ఉన్నాడేటి?"

1989లోనే పోయాడని చెప్పాం. ఆవిడ తల ఊపింది. కాసేపాగి, గిన్నె కోడలికి తిరిగిచ్చేస్తూ, "అయితే ఇందల చారు పెట్టకండి" అంది.